పచ్చ లైట్ వచ్చింది, కారు స్టేషన్‌కి పోయింది: జేబు బ్రీత్ అనలైజర్ రివ్యూ

ముందే చెప్తున్న, 5కి 2 స్టార్లు. ఆ రెండు కూడా ఎందుకిచ్చిన్నో కింద తెలుస్తది. ఊదితే ఎంత తాగినమో లెక్క చెప్పే ఈ చిన్న మిషన్‌ని పోయిన నవంబర్‌ల ఆన్‌లైన్‌ల 1,899 రూపాయలకి కొన్న, ఏదో ఆఫర్ నడుస్తుండె. బ్రాండ్ పేరు రాస్తలేను, ఎందుకంటే అదే డబ్బా అదే ప్లాస్టిక్, మీద స్టిక్కర్ మార్చి నాలుగైదు పేర్లతోని అమ్ముతున్నరు, మీరు ఏది ఆర్డర్ పెట్టినా దాదాపు గిదే వస్తది.

చూడనీకి కారు రిమోట్ తాళం అంత ఉంటది, నల్లగ. పైన చిన్న బొక్క, దాంట్ల ప్లాస్టిక్ గొట్టం పెట్టి ఊదాలె, అట్లాంటి గొట్టాలు 5 ఇచ్చిండ్రు. బటన్ వత్తితే 15 నుంచి కిందికి లెక్కపెడ్తది, బీప్ కొట్టినంక 5 సెకండ్లు ఊదాలె, ఇంకో బీప్, నంబర్ వస్తది, దాంతోపాటు లైట్. పచ్చ, పసుపు, ఎరుపు. డబ్బా మీద పచ్చ లైట్ పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ ఉన్నది, ఆ బొమ్మని గుర్తుపెట్టుకోండి, మా కొంప ముంచింది అదే.

కొనుడుకి కారణం మా బావ. మంచోడు, రోజూ తాగేటోడు గాదు, గని ఆఫీస్ దావత్ అంటే ఆగడు, తాగినంక నడపకుండ ఉండడు. "మూడు పెగ్గులకి నాకేం గాదు బామ్మర్ది, నేను స్టడీ" అంటడు. మా అక్క నా పానం తింటుండె, ఏదన్న చెయ్యిరా అని. సరే మిషన్ ఉంటే లెక్క తెలుస్తది గద, లిమిట్ దాటితే తాళం ఇవ్వకుండ క్యాబ్ ఎక్కిద్దాం అని నా ప్లాన్. మంచి ప్లానే అనుకున్న.

డిసెంబర్‌ల ఒక శనివారం, బావ దోస్త్‌కి ప్రమోషన్ వచ్చిందని జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36ల దావత్. బావ మూడు లార్జ్‌లు, నేను ఒక్క బీర్, అది కూడా ఆఖర్ల. రాత్రి పదకొండున్నరకి పార్కింగ్‌ల నిలబడి మిషన్ తీసిన. బావ ఊదిండు, 0.04, పచ్చ లైట్. నేను ఊదిన, 0.02, పచ్చ. "చూసినవా, నీ మిషన్ గూడ చెప్తున్నది నేను స్టడీ అని" అని తాళం గుంజుకుని స్టీరింగ్ కాడ కూసున్నడు. నేను కూడా నమ్మిన, అబద్ధమెందుకు. పచ్చ లైట్ చూస్తే మనిషి అట్లనే నమ్ముతడు, సిగ్నల్ దగ్గర చిన్నప్పటి సంది అదే అలవాటు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చౌరస్తా దాటి కృష్ణానగర్ దిక్కు దిగుతుంటే బారికేడ్లు. బ్యాటన్ లైట్ పట్టుకుని ఒక కానిస్టేబుల్ పక్కకి ఆపుమన్నడు. కొత్త స్ట్రా పొట్లం మా ముందే చింపి మిషన్‌కి తొడిగిండు, ఊదండి సార్, ఇంకా, ఇంకా, ఇంకా, ఆపొద్దు. మా బావ పెదాలతోని స్ట్రా పట్టుకుని చెంపలు ఉబ్బించి ఊదినట్టు యాక్టింగ్ చేసిండు, మిషన్ తీస్కోలే, ఇది అందరూ చేసే పనే అనుకుంట, కానిస్టేబుల్ నవ్వకుండనే "లోపలికి పీల్చొద్దు సార్, బయటికి ఊదాలె" అన్నడు. రెండోసారి 58 వచ్చింది.

బావకి ఆ టైంల నా మిషన్ యాదికొచ్చింది. నిజంగ, ఆయన దాన్ని ఎస్సైకి చూపెట్టిండు. "సార్, ఇదో, మా దాంట్ల పచ్చ వచ్చింది సార్." ఎస్సై దాన్ని చేతిలకి తీస్కుని అటు ఇటు తిప్పి చూసిండు, కోపం గూడ చెయ్యలే, "0.04 అని ఉంది గదా సార్, 40 అది. మీ మిషన్ల కూడా మీరు దొరికినట్టే" అన్నడు. నేను భూమిలకి పోయినంత పనైంది.

అసలు సంగతి ఇదన్నమాట, ఇది తెల్వకుండ ఈ వస్తువు ఎవ్వరూ కొనొద్దు. మోటార్ వాహనాల చట్టం 1988, సెక్షన్ 185 ప్రకారం మన లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు. ఈ మిషన్ చూపెట్టే లెక్క శాతంల ఉంటది, మన 30 దాంట్ల 0.03. సున్నా పాయింట్ సున్నా నాలుగు అంటే ఏదో చిన్న నంబర్ లెక్క కనిపిస్తది, 40 అంటే గుండె జారుతది, రెండూ ఒకటే. ఇంక లైట్లు చూస్తే, ఇంటికొచ్చినంక మాన్యువల్ భూతద్దం పెట్టినట్టు చదివిన, 0.05 దాకా పచ్చ, 0.05 నుంచి 0.08 దాకా పసుపు, ఆపైన ఎరుపు. అంటే ఇది వేరే దేశాల కోసం సెట్ చేసిన మాల్. అమెరికాల చాలా రాష్ట్రాల్ల లిమిట్ 0.08, ఇంగ్లండ్‌ల 80 మిల్లీగ్రాములు, వాళ్లకి ఆ లైట్లు సరిపోతయి. గదే పీస్‌ని ఏం మార్చకుండ తెచ్చి మనకి అమ్ముతున్నరు, మన పోలీసోళ్ల లెక్కల దొరికిపోయినంక కూడా ఇది మనకి నవ్వుమొహం చూపెడ్తది. డబ్బా మీద "మేడ్ ఫర్ ఇండియన్ రోడ్స్" అని గూడ వేసిండ్రు, సిగ్గులేకుండ.

సరే లైట్ సంగతి అట్లుంచుదాం, నంబర్ అన్న సరిగ్గ ఉన్నదా అంటే అదీ లేదు. మాది 40, వాళ్లది 58. బావ పార్కింగ్‌కి వచ్చే అరగంట ముందు దాకా మూడో పెగ్గు చప్పరిస్తూనే ఉన్నడు, కడుపుల ఉన్నది రక్తంలకి ఎక్కనీకి అరగంట నుంచి గంటన్నర దాకా పడ్తది, పార్కింగ్‌ల ఊదినప్పుడు తక్కువ ఉండి రోడ్డెక్కినంక పెరిగిందనుకోవచ్చు కొంత. మిగతాది సెన్సర్ తేడా. పోలీసోళ్ల మిషన్లల్ల ఉండేది ఫ్యూయల్ సెల్ సెన్సర్, ఆల్కహాల్‌కే కరెంట్ పుట్టిస్తది, దాన్ని టైం టైంకి క్యాలిబ్రేట్ చేయిస్తరు, అంటే లెక్క సరిగ్గ చూపెడ్తున్నదా అని సరిచేయిస్తరు. మన రెండు వేల లోపు దాంట్ల సెమీకండక్టర్ సెన్సర్, దానికి ఆల్కహాల్ ఒక్కటే గాదు, ఇంకేవేవో ఆవిర్లకి గూడ కదులుతది. ఇంట్ల కూసుని టెస్ట్ చేసిన, ఒక్క చుక్క తాగకుండ మౌత్‌వాష్ పుక్కిలించి ఊదితే 0.11 ఎరుపు, 20 నిమిషాలు ఆగి మళ్ల ఊదితే 0.00. ఇది మిషన్ తప్పు గాదు, నోట్ల ఉన్న ఆల్కహాల్ అట్ల చూపెడ్తది, అందుకే ఆఖరి గుటకకి ఊదుడుకి మధ్యల 15, 20 నిమిషాలు గ్యాప్ ఉండాలె అంటరు. గని ఇంకో రోజు ఒక్క పెగ్గు తాగి అరగంట ఆగి వెంటవెంటనే మూడుసార్లు ఊదితే 0.02, 0.05, 0.03 వచ్చింది, దీన్ని ఏమనాలె. మూడింట్ల మనకి నచ్చింది ఒకటి ఏరుకునుడే. ఆరు నెలలకి ఒకసారి క్యాలిబ్రేట్ చేయించాలె అని మాన్యువల్‌ల ఉంది, కస్టమర్ కేర్‌కి ఫోన్ కొడితే "సార్ ఇండియాల ఆ సర్వీస్ లేదు, కొత్త పీస్ తీస్కోండి, 10 శాతం డిస్కౌంట్ ఇస్తం" అన్నరు.

ఇంక ఆ రాత్రికొస్తే. నా సంగతి ఏందంటే, "నువ్వు తాగలేదా, అయితే కారు నువ్వు తీస్కపో" అని నన్ను గూడ ఊదమన్నరు. 34. ఒక్క బీర్‌కి. మిషన్ల 0.02 వచ్చిన మనిషిని. నేను నడపలేదు కాబట్టి నామీద కేసు లేదు, గని కారు నాకు ఇయ్యలే. ఇక్కడ ఒక ముచ్చట చాలామందికి తెల్వదు, 2021 నవంబర్‌ల తెలంగాణ హైకోర్టు చెప్పింది, తాగి నడిపిండని బండిని సీజ్ చేసుడు కుదరదు, పక్కన తాగని మనిషి లైసెన్స్ ఉన్నోడు ఉంటే ఆయనకి ఇయ్యాలె, లేకుంటే ఇంటోళ్లని పిలవాలె, ఎవ్వరూ రాకుంటే అప్పుడు భద్రంగ ఉంచనీకి స్టేషన్‌కి తీస్కపోవచ్చు, తర్వాత ఓనర్‌కి ఇచ్చెయ్యాలె. నేను ఆ ఒక్క బీర్ ముట్టకపోతే కారు నాతోనే ఇంటికొస్తుండె. అక్కకి ఫోన్ చేసినం, రాత్రి పన్నెండున్నర. పిల్ల పండుకున్నది వదిలిపెట్టి ఎట్లొస్త అన్నది, నిజమే. "ఇద్దరూ ఒకటే ఆటోల రండి, తలుపు మాత్రం తియ్య" అని పెట్టేసింది. కారు స్టేషన్‌కి, మేము మూసాపేటకి. తలుపు తీసింది లెండి, గని ఒంటిగంటన్నరకి.

శిక్ష ఎంత అని అడిగేటోళ్ల కోసం, మా బావకి అప్పటిదాకా తెల్వదు, ఏదో చలాన్ వస్తది కట్టేద్దాం అనుకున్నడు. ఇది చలాన్ గాదు అన్నా. హెల్మెట్ లెక్క ఫోన్‌ల కట్టి చేతులు దులుపుకునేది గాదు, కోర్టుకే పోవాలె. మొదటిసారి అయితే 6 నెలల దాకా జైలు, లేకుంటే 10,000 ఫైన్, లేకుంటే రెండూ. రెండోసారి దొరికితే 2 సంవత్సరాల దాకా జైలు లేకుంటే 15,000, లేకుంటే రెండూ. 2019ల చట్టం మార్చకముందు ఇది 2,000, 3,000 ఉండె, మా నాయన కాలపోళ్లు ఇంకా అదే లెక్కల ఉన్నరు. ఊదను అంటే తప్పించుకోవచ్చు అని ఒకడు వాట్సాప్‌ల ఐడియా ఇచ్చిండు మాకు, అది ఉత్త సోది, తాగినట్టు అనుమానం ఉండి ఊదనంటే వారంట్ లేకుండనే అరెస్ట్ చెయ్యొచ్చు, తర్వాత డాక్టర్ దగ్గర రక్తం తీపిస్తరు, దానికి గూడ సరైన కారణం లేకుండ ఒప్పుకోకపోతే కోర్టుల అదే మనకి రివర్స్ అయితది. ఇంకోటి, సెక్షన్‌ల నడిపితే అని ఒక్కటే లేదు, నడపబోయినా అని ఉంది. పార్కింగ్‌ల స్టార్ట్ చేసి ఏసీ వేస్కుని కూసున్నా వాదించుకునుడు మన పనే. స్కూటీ అయినా అంతే.

ఒక పైరవీకార్ గూడ తగిలిండు, బావ ఆఫీస్‌ల ఎవరో నంబర్ ఇస్తే. "సెట్ చేస్త సార్, 8 వేలు, పేరు పోతది లిస్ట్‌ల నుంచి." స్లిప్ ప్రింట్ వచ్చింది, బావ సంతకం ఉంది, వీడియో తీసిండ్రు, ఏం సెట్ చేస్తడు వాడు. అక్క ఆ ఫోన్ గుంజుకుని వాడితోని మాట్లాడింది, ఏం మాట్లాడిందో ఇక్కడ రాయలేను, మళ్ల వాడు ఫోన్ చెయ్యలే.

కౌన్సెలింగ్ బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌ల, ఇంటోళ్లని వెంట తీస్కరావాలె. గోషామహల్‌ల గూడ ఒకటుంది. అక్క పోయింది బావతోని, నేను డ్రైవర్ డ్యూటీ. హాల్‌ల చిన్న పిల్లగాళ్లకి పక్కన నాయినలు, పెద్దోళ్లకి పక్కన పెండ్లాలు, ఒకాయన పక్కన అరవై దాటిన తల్లి, ఆమెకి ఏం అర్థమవుతలేదు కొడుకుని ఎందుకు బడిల కూసోపెట్టిండ్రో. స్క్రీన్ మీద యాక్సిడెంట్ వీడియోలు వేసిండ్రు. 2016 జూలైల పంజాగుట్టల తాగిన పిల్లగాళ్ల కారు ఎగిరిపడి ఇంకో కారు మీద పడి, ఆ కారుల ఉన్న బడి పిల్ల పోయింది గద, హైదరాబాద్‌ల ఉన్నోళ్లకి ఎవరికీ వీడియో అవసరం లేదు దానికి, నేను ఇప్పటికి ఆ రోడ్ల పోతుంటే చూస్త. బావ ఆ రోజు కార్ల ఒక్క మాట మాట్లాడలే ఇంటికొచ్చేదాకా. అట్లాంటిది జరిగితే 10 వేలతోని పోదు, తాగి నడిపితే ఎవరికన్న పానం మీదికొస్తదని తెలిసి కూడా నడిపిండు అని కోర్టు అనుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 105 కిందికి పోతది, 10 ఏండ్ల దాకా.

నాంపల్లి కోర్టుల తారీఖు పడ్డది. పొద్దున పదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకే పోయినం, అప్పటికే లైన్. పేరు పిలుస్తరు, తాగి నడిపినవా అంటరు, నడిపిన సార్ అంటే రెండు నిమిషాల పని. బావకి ఫైన్ పడ్డది, కోర్టు లేచేదాకా ఆడనే కూసోమన్నరు. బావ ముందున్న ఆయనకి రెండోసారి అంట, ఆయనకి జైలు, డెలివరీ టీషర్ట్ వేస్కుని ఉన్నడు, "బండి లేకుంట నా పని ఎట్ల సార్" అని ఒక్కటే మాట మళ్ల మళ్ల అంటుండె. లైసెన్స్ సంగతి వేరే నడుస్తది, అది ఆర్టీఏ చూస్తది, తాగి నడిపినోళ్లకి కనీసం 3 నెలలు సస్పెండ్ చెయ్యాలె అని సుప్రీం కోర్టు రోడ్ సేఫ్టీ కమిటీ 2015లనే రాష్ట్రాలకి చెప్పింది. సస్పెండ్‌ల ఉన్నప్పుడు నడిపి దొరికితే అది మళ్ల ఇంకో 10 వేల కేసు. ఇన్సూరెన్స్‌ది ఇంకో కథ, తాగి గుద్దితే మన కారు రిపేర్‌కి పైసా రాదు, పాలసీల చిన్న అక్షరాలల్ల ఉంటది, ఎదుటోళ్లకి కంపెనీ కట్టినా తర్వాత మన దగ్గర వసూలు చేస్కునుడు ఉంటది.

ఇంత జరిగినంక ఈ మిషన్‌కి 2 స్టార్లు ఎందుకు అంటే, దీన్ని రాత్రి పూట పర్మిషన్ కోసం వాడుడు తప్పు, పొద్దున పూట వాడుడు మంచిగనే పనికొచ్చింది. లెక్క చూడండి. మన దగ్గర విస్కీ బ్రాందీ 42.8 శాతం, ఒక్క లార్జ్, అంటే 60 మిల్లీలీటర్ల పెగ్గు, దాంట్ల తూకానికి 20 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటది, 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపు మీద కొడితే ఆ ఒక్కటే 40 దాకా తీస్కపోవచ్చు, అంటే ఒక్క లార్జ్‌కే ఖేల్ ఖతం. స్ట్రాంగ్ బీర్ 8 శాతం దాకా ఉంటది, 650 సీసా ఒకటి రెండు లార్జ్‌లతోని సమానం, "బీరే గద" అనేటోళ్లు ఇది రెండుసార్లు చదవండి. ఒంట్లకెళ్లి దిగేది గంటకి 15 చొప్పున సుమారుగ. చాయ్ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, మజ్జిగ గుంజినా, చన్నీళ్ల స్నానం చేసినా స్పీడ్ పెరగదు, లివర్ దాని టైం అది తీస్కుంటది. సోంపు, ఇలాచి, పాన్ వాసనకే, మిషన్‌కి గాదు. ఇప్పుడు ఒకడు రాత్రి ఒంటిగంటకి క్వార్టర్ కొట్టి పండుకుంటే పైకి 120 దాటొచ్చు, పొద్దున ఏడింటికి లేచి బ్రష్ చేస్కుని పిల్లని బడికి దింపనీకి పోతే ఇంకా 30 పైననే ఉండొచ్చు, వానికి ఏం తెల్వదు, నిద్రపోయిన గద దిగిపోయింది అనుకుంటడు. పొద్దుగాల స్కూల్ వ్యాన్ డ్రైవర్లకి ఊదిపిస్తున్నరంటే ఉత్తగనే గాదు. అట్లాంటి టైంల ఈ మిషన్ ఏ నంబర్ చూపెట్టినా సరే, సున్నా గాకుంటే తాళం ముట్టొద్దు అనుకుంటే ఇది బాగనే పనిచేస్తది. లైట్లకి నల్ల టేప్ అంటించిన నేను, నంబర్ ఒక్కటే కనిపిస్తది.

రాత్రికి మాత్రం డ్రైవర్‌ని బుక్ చేస్కోండి, మన కారు మనమే కూసుని ఇంటికి రావచ్చు, నాలుగు గంటలకి అయ్యే ఖర్చు ఆ బార్‌ల ఒక చికెన్ సిక్స్‌టీఫైవ్ ప్లేట్ అంత. మెట్రో మీద ఆశ పెట్టుకోకండి, బిల్లు వచ్చేలోపు ఆఖరి రైలు పోతది.

మిషన్ ఇప్పుడు నా దగ్గర లేదు, అక్క వాళ్లింట్ల ఫ్రిజ్ మీద ఉంటది, కారు తాళం పక్కన. పోయిన ఆదివారం నేను ఆడనే ఉన్న, బావ ముందురోజు ఏదో పెండ్లికి పోయొచ్చిండు, పిల్లని స్విమ్మింగ్‌కి తీస్కపోవాలె ఎనిమిదింటికి. అక్క దోశె పెనం మీద నీళ్లు చల్లుకుంటనే ఇంకో చేత్తోని మిషన్ అందించింది, "ఊదండి". ఊదిండు. 0.02. బావ మొహం వెలిగింది, అక్కకి మొత్తం సెక్షన్ 185 చెప్పుడు మొదలుపెట్టిండు, 30 దాటితేనే కేసు, ఇది 20, చట్టం ప్రకారం నేను క్లియర్ అని, నాంపల్లిల వకీల్ గూడ అంత మంచిగ చెప్పడు. అక్క మొత్తం విన్నది, దోశె తిప్పేసింది, చెయ్యి తుడుచుకుని కారు తాళం తీసి జాకెట్ల పెట్టుకుని, డబ్బాలకెళ్లి రెండు వందల నోటు తీసి బావ చేతిల పెట్టింది.

"ఆటోకి."